వారం రోజుల మెనూ

ఆసుపత్రి వంటగదిలో ఆమెను అందరూ కొలతమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. తక్కెడ అక్కర్లేకుండా చేత్తో పట్టి ఇది పావుకిలో అందంటే అది పావుకిలోయే. కొత్తగా వచ్చిన స్టోరు గుమాస్తా ఒకసారి నమ్మలేక, ఆమె తీసి పక్కన పెట్టిన క్యారెట్లను తూకం వేసి చూసి నోరు వెళ్ళబెట్టాడు. రెండు వందల నలభై మంది రోగులకు వెళ్ళే కూరగాయలన్నీ ఆమె కత్తి కిందనుంచే వెళతాయి. షుగరున్నవాళ్ళకు ఏం తీసెయ్యాలి, ఆపరేషనైనవాళ్ళకు ఏది మెత్తగా ఉడికించాలి, రక్తం తక్కువున్నవాళ్ళకు ఏ ఆకు ఎంత వెయ్యాలి, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అలాంటి మనిషి తన చిన్నకూతురు వయసుకు తగ్గ బరువు లేదని వారం వారం ఎవరి నోటనో వినాల్సి రావడం తల కొట్టేసినట్టు ఉండేది.

ఆ మంగళవారం కూడా మూడింటికి డ్యూటీ దిగి, ఇంటికెళ్ళి, చిన్నదాన్ని చంకనేసుకుని పిల్లల కేంద్రానికి పరిగెత్తింది. నాలుగేళ్ళ పిల్ల చంకన అంత తేలిగ్గా ఉండకూడదని ఆమె చేతికి తెలుసు. బరువు చూసే నర్సు ముల్లు నిలబడేదాకా ఆగి, "పన్నెండు కిలోలకి రెండు వందల గ్రాములు తక్కువ. పోయిన వారం ఎంతో ఇప్పుడూ అంతే" అంది.

కేంద్రంలో పెద్దావిడ చార్టు మేడం. గోడనిండా పళ్ళ బొమ్మలు, కూరగాయల బొమ్మలు అంటించి, వాటి కింద కూర్చుని తల్లులకు తిండి గురించి చెబుతుంది. బరువు తక్కువున్న పిల్లలకు వారానికొక సంచి ఇస్తారు. అందులో ఒక పోషకాల పొడి డబ్బా, ఆరు గుడ్లు ఉంటాయి. కొలతమ్మ ఇంటికి ఆ సంచి నాలుగు నెలలుగా వస్తోంది. ఆ ఇంట్లో గుడ్డు కనపడిందంటే ఆ సంచిలోదే.

మేడం ఒక కాగితం ఇచ్చింది. ఏడు అడ్డ గళ్ళు, ఒక్కో గడిలో మూడు పూటలు. "వచ్చే మంగళవారానికి ఇది నింపుకురండి. సంచి ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఆపాలో ఇకనుంచి దీన్ని బట్టే" అని తరవాతి పిల్లను పిలిచింది.

కొలతమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టకుండా, గుండ్రంగా చుట్టి పట్టుకెళ్ళింది. మడత పడిన కాగితమంటే ఆమెకు భయం. వాళ్ళ వంటగదిలో రేపు ఏం వండాలో ఈరోజు మధ్యాహ్నమే మెనూ మాస్టారు రాసేస్తాడు. ఆ కాగితం స్టోరుకు వెళుతుంది. దాని మీద పాలు ఉంటే స్టోరునుంచి పాలు వస్తాయి, లేకపోతే రావు. మడతలున్నా కొట్టివేతలున్నా స్టోరువాడు మొహాన కొడతాడు. ఒక్కోరోజు సరుకు రాకపోయినా కాగితం మాత్రం మారదు. కాగితం మీద చేప చేపలాగే ఉంటుంది, రోగుల కంచాల్లో బంగాళాదుంప ఉంటుంది, అధికారి వచ్చి కాగితం చూసి సంతకం పెట్టి వెళతాడు. పదకొండేళ్ళు ఆ కాగితాల మధ్య బతికిన మనిషి ఆమె. కాగితం నింపడమంటే ఆమె లెక్కలో అడగడం. పద్ధతిగా రాసి అడిగితేనే ఇచ్చేవాళ్ళు ఇస్తారు.

*

ఆ సాయంత్రం వెలుతురుండగానే వాకిట్లో చాప వేసి కూర్చున్నారు. పెద్దకూతురు నాలుగో తరగతి. స్కేలు పెట్టి గీతలు సరిచేసి, పెన్సిలు చెక్కుకుని, పరీక్ష రాయబోయేదానిలా బాసింపట్టు వేసుకుంది.

"రాయవే. బుధవారం. పొద్దున జావ, పాలు, గుడ్డు. మధ్యాహ్నం అన్నం, పప్పు, పాలకూర. కాడలు పారెయ్యద్దు, పప్పులో వేస్తాం. అది రాయకు, ఊరికే చెబుతున్నా. రాత్రికి రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు."

ఆమె కళ్ళు మూసుకుని చెబుతోంది. గుమ్మడికాయ సగం ముక్క కొంటే మూడు రోజులు. మొదటి రోజు కూర, రెండో రోజు పప్పులో, మూడో రోజు పిల్లలకు జావలో. మార్కెట్టు మూసే వేళకు వెళితే ఆకుకూర సగానికి వస్తుంది, వాడినా నీళ్ళలో ముంచితే లేచి కూర్చుంటుంది. శుక్రవారం చిన్న చేప, తలకాయలతో చారు. ఆదివారం శనగలు, ఒక అరటిపండు నలుగురికీ కాకుండా మనిషికొకటి. ఇందులో గొప్పకు రాసింది ఒక్కటీ లేదు. ప్రతిదీ చవకది, ప్రతిదీ ఒంటికి పట్టేది. రెండు వందల నలభై మందికి వడ్డించిన చెయ్యి మొదటిసారి సొంత ఇంటికి మెనూ రాసుకుంటోంది. ఆ పని ఎంత బాగుందో ఆమె మొహం చూస్తే తెలిసిపోయేది.

మంచం మీదనుంచి అత్తగారు చెవి ఇటు వేసి అంతా విని, "ఎవరింట్లోనమ్మా ఈ భోజనాలు? నన్ను కూడా పిలుస్తారా?" అంది.

"మనింట్లోనే అత్తయ్యా."

"ఓహో. నాకు తెలీకుండా ఎప్పుడు కట్టారీ ఇల్లు?"

పెద్దది కిసుక్కుమని నవ్వింది. అప్పుడే భర్త వచ్చాడు. ఇళ్ళకు రంగులు వేసే పని అతనిది. ఏ ఇంటికి ఏ రంగు వేశాడో అతని జుట్టు చూసి చెప్పొచ్చు, ఆరోజు ఆకుపచ్చ. కూతురి భుజం మీదనుంచి తొంగి చూసి, "శుక్రవారం చేపా? అయితే శుక్రవారం తొందరగా వచ్చేస్తా" అన్నాడు.

"నవ్వండి నవ్వండి. కాగితం మీద ఉంటేనే సరుకొస్తుంది" అంది కొలతమ్మ.

పెద్దదానికి తెల్లకాగితం బోసిగా అనిపించినట్టుంది. రంగు పెన్సిలు తీసి, ప్రతి రోజు గడి పక్కనా ఒక పచ్చసొన గుడ్డు బొమ్మ వేసింది. ఏడు గుడ్లు. "ఆదివారం గుడ్డు లేదు కదే" అని తల్లి అంటే, "బొమ్మకేం పోయిందమ్మా" అంది.

*

బుధవారం కాగితం మీద ఉన్నది దాదాపు ఇంట్లోనూ ఉంది. పాలకూర, పప్పు కుదిరాయి. గుడ్డు ఉంది. పాలు మాత్రం కొంచెం పలచన.

గురువారం పొద్దున్నే వాన పట్టుకుంది. గోడ తడిసిందంటే రంగుల పని ఉండదు. భర్త నిచ్చెన ఎత్తుకుని పది గంటలకే తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి లుంగీ అంచు పిండుకుంటూ, ఏదో తప్పు చేసినవాడిలా తల్లితో "ఆరాలి కదా" అన్నాడు. శుక్రవారమూ ఆరలేదు. ఆరోజు సాయంత్రం కొలతమ్మ మార్కెట్టు మూసే వేళకే వెళ్ళి, చేపలు అమ్మే ఆవిడ బుట్ట ముందు ఒక నిమిషం నిలబడి, బంగాళాదుంపలు కొనుక్కుని వచ్చింది.

"అమ్మా, చేప కొట్టేసి బంగాళాదుంప అని రాయనా?" అని పెద్దది పెన్సిలు పట్టుకొచ్చింది.

"వద్దు. మెనూ మీద కొట్టివేతలుండకూడదు. చూసేవాళ్ళకి చిరాకు."

"కానీ తిన్నది చేప కాదు కదా."

"ఇది మనకి ఏం కావాలో అడిగే కాగితం. చూసి ఇస్తారు, ఆగు" అంటూ ఆమె పొయ్యి దగ్గర కూర్చుంది. గుడ్డు ఒలిచి, కుట్టుదారం ఒక కొస పంటి కింద పట్టి, రెండో కొస వేలికి చుట్టి, గుడ్డును మధ్యకి తెచ్చి లాగింది. మళ్ళీ తిప్పి లాగింది. నాలుగు ముక్కలు. కత్తితో కోస్తే సొన కత్తికి అంటుకుని పోతుంది, దారంతో అయితే పోదు. తూచినా ఆ నాలుగింటిలో తేడా రాదు. నిచ్చెన ఎక్కే మనిషికొకటి, బడికి వెళ్ళే పిల్లకొకటి, పళ్ళులేని ముసలామెకొకటి, చిన్నదానికొకటి. ఆ గుడ్డు చిన్నదానికి ఇచ్చిందని ఆమెకు తెలియక కాదు. ఒక కంచంలో గుడ్డుండి పక్క కంచంలో లేకుండా వడ్డించడం ఆ చేతులకు చేతకాదు, అంతే.

శనివారం ఆసుపత్రిలో బుట్టెడు పాలకూర కాడలు ఆమె కళ్ళముందే చెత్తడబ్బాలోకి వెళ్ళాయి. వంటగదినుంచి తొక్క కూడా బయటికి పట్టుకెళ్ళకూడదు. గేటు దగ్గర కాపలావాడు ఆడవాళ్ళ సంచులు తిరగేసి చూస్తాడు. పోయిన ఏడు ఒకావిడ నాలుగు క్యారెట్లు కొంగున కట్టుకుపోతూ దొరికి ఉద్యోగం పోగొట్టుకుంది. కొలతమ్మ ఖాళీ సంచి కాపలావాడికి తనే తెరిచి చూపించి, వానలో తడుస్తూ ఇంటికొచ్చింది. ఆ రాత్రి రొట్టె, ఉల్లిపాయ. కాగితం మీద మాత్రం గుమ్మడికాయ జావ.

*

మంగళవారం మేడం కాగితం తీసుకుని చదవడం మొదలుపెట్టి, సగంలో కళ్ళద్దాలు సరిచేసుకుని, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇది మీరే రాశారా?"

"పెద్దపిల్ల రాసిందండీ. చెప్పింది నేను."

"అబ్బ! ఏం మెనూ అండీ ఇది!" మేడం కాగితం పైకెత్తి నర్సుకు చూపించింది. "సగం గుమ్మడికాయని మూడు రోజులకి ఎలా సర్దిందో చూడు. ఆకుకూర, పప్పు, చేప, శనగలు. రోజూ గుడ్డు. ఖరీదైనది ఒక్కటంటే ఒక్కటి లేదు. పదేళ్ళుగా ఇక్కడ నేను అరిచి గీపెట్టేది ఇదే!"

కొలతమ్మకు చెవులు వేడెక్కాయి. పదకొండేళ్ళలో ఆమెను మెచ్చుకున్నది తక్కెడ ముల్లు ఒక్కటే. కొంగు సర్దుకుని, సంచులు పేర్చి ఉన్న మూల వైపు ఒకసారి చూసింది. ఈసారి రెండు డబ్బాలిస్తారేమో, పాలు కూడా రాశాం కదా అనుకుంది.

"పాప బరువెంత?" అని మేడం నర్సును అడిగింది.

"ఇంకో వంద తగ్గిందండీ."

మేడం రిజిస్టరు తిప్పుతూ కాసేపు ఆలోచించింది. "ఇంత మంచి తిండి తింటూ తగ్గిందంటే తిండి లోపం కాదన్నమాట. ఒంటితత్వం అయ్యుండాలి. లేదా కడుపులో పురుగులు. మాత్రలు రాస్తాను." ఎర్రపెన్ను తీసి, స్కేలు పెట్టి, చిన్నదాని పేరు మీద నీటుగా గీత గీసింది. "ఈ నెల పైనుంచి ముప్పై సంచులు తగ్గించేశారండీ. ఎవరి పేరు తీసెయ్యాలో తెలీక నా తల ప్రాణం తోకకొచ్చింది. మీరు నా నెత్తిన పాలు పోశారు."

కొలతమ్మ ఆ గీత వంకే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ వంటగదిలో కొట్టేసినదానికి సరుకు రాదని ఆమెకు తెలుసు.

"మేడం, అది... అది తిన్నది కాదండీ. మా వంటగదిలో మెనూ ముందే రాస్తారు. ఇదీ ముందే రాశామండీ."

"ముందే రాసుకున్నారా!" మేడం మొహం ఇంకా విప్పారింది. "విన్నారా అందరూ? వారానికి ముందే రాసుకుందట. ప్లానింగ్ అంటే అదీ!"

"అది కాదండీ. రాసినవన్నీ ఇంట్లోకి..."

"ఒకటీ అరా అటూ ఇటూ అవుతుంది లెండి, ఎవరింట్లోనైనా." మేడం నవ్వి, అంతలోనే గొంతు తగ్గించింది. "గుడ్డు మాత్రం పాపకే పెడుతున్నారు కదా? పిల్లల సంచి ఇంటిల్లిపాదీ పంచుకు తినేవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు ఎలాగూ ఉంచను."

కొలతమ్మ చంకలో పిల్లను సర్దుకుంది. మెనూ అబద్ధమంటే గుడ్డు నిజం బయటికొస్తుంది, గుడ్డు దాస్తే మెనూ నిజమైపోతుంది. ఎటు కదిలినా ఆ ఎర్రగీత అక్కడే ఉంటుంది. వెనకనుంచి ఎవరో "తొందరగా కానివ్వండమ్మా" అన్నారు.

"పాపకేనండీ" అంది.

మాత్రల పొట్లం పుచ్చుకుని బయటికొచ్చింది. దారిలో చిన్నది, "సంచేదమ్మా?" అని అడిగింది. రెండు వీధులు దాటాక మళ్ళీ అడిగింది. ఇంటికొచ్చాక అత్తగారు కోడలి ఖాళీ చేతుల వంక చూసి, ఎన్నడూ లేనిది, ఏ హాస్యమూ ఆడకుండా అటు తిరిగి పడుకుంది. తప్పు ఎవరిదని అరవాలో కూడా కొలతమ్మకు తెలియలేదు. అరిచినా ఎవరి మీద? పెద్దది తెచ్చి ముందు పెట్టిన పెన్సిలు మీద అరిచింది. ఆ పిల్ల ఏడ్చింది. తరవాత ఇద్దరూ ఏడ్చారు.

*

తరవాతి మంగళవారం మాత్రలు ఎలా పని చేశాయో చూడాలి, పిల్లను తీసుకురమ్మన్నారని మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే ఎదురుగా గోడమీద తన కాగితం కనపడింది. పెద్దది చేసి, మెరిసే కాగితం తొడిగి, పళ్ళ బొమ్మల మధ్య అంటించారు. పైన 'ఆదర్శ మెనూ' అని రాసి ఉంది. ఏడు పచ్చసొన గుడ్లు గోడమీద వరసగా ఉన్నాయి. వచ్చిన ప్రతి తల్లికీ దాని నకలు ఒకటి చేతిలో పెడుతున్నారు.

బెంచీ మీద పక్కన కూర్చున్నది వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడ. ఆమె కూడా ఖాళీ చేతులతోనే ఉంది. "మా వాడి సంచీ ఆపేశారు. అదేమంటే ఈ కాగితం చేతిలో పెట్టి, ఇంత తక్కువలో ఇంత బాగా తింటున్న ఇల్లుంది, మీకేం వచ్చింది అని కడిగేసింది మేడం" అని ఆ నకలును విసనకర్రలా ఊపుకుంటూ అంది. "ఏ మహాతల్లి రాసిందో గానీ, మా నోటి దగ్గర కూడు లాగేసింది. నువ్వు వంటగదిలో పని చేస్తావు కదా, చెప్పు. ఇది అయ్యే పనేనా?"

"అన్నీ ఇంట్లో ఉంటే అవుతుంది" అంది కొలతమ్మ, నేలను చూస్తూ.

ఒళ్ళో ఉన్న చిన్నది ఆవిడ చేతిలో కాగితం మీద వేలు పెట్టి, "మా అక్క గుడ్డు" అంది. "మా అక్క వేసింది."

ఇస్త్రీ ఆవిడ చెయ్యి ఊపడం ఆగిపోయింది. పిల్లను చూసి, తల్లిని చూసింది. తిట్టినా బాగుండేది. కొంచెం పక్కకు జరిగి కూర్చుంది, అంతే.

అంతలో మేడం చప్పట్లు కొట్టింది. బల్లమీద ఒక ప్లేటులో నమూనా భోజనం సర్ది ఉంది. గోడమీది మెనూలో మొదటి రోజుది. కాస్త అన్నం, పప్పు, పాలకూర, ఒలిచిన గుడ్డు ఒకటి. "ఇది రాసినావిడ ఇక్కడే ఉంది. ఇంట్లో ఎలా సర్దుతుందో ఆవిడ నోటినుంచే వినండి. రండమ్మా, సిగ్గుపడకండి" అని పిలిచింది.

కొలతమ్మ చిన్నదాన్ని చేయి పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇరవై మంది తల్లులు ఆమె వంక చూస్తున్నారు. ఏం చెప్పాలి? గుమ్మడికాయ గురించి చెప్పాలా?  చేతులు మాత్రం ఊరుకోలేదు. కొంగు అంచున వేలాడుతున్న దారం ఒకటి జానెడు తెంపి, ఒక కొస పంటి కింద పెట్టుకుని, గుడ్డు చేతిలోకి తీసుకుంది. లాగింది. తిప్పి మళ్ళీ లాగింది. నాలుగు ముక్కలు ప్లేటులో పువ్వులా విడిపోయాయి.

"ఎంత సమానంగా కోసిందో!" అంది నర్సు.

"ఇది దీనికి" అంది కొలతమ్మ, వేలితో ఒక్కో ముక్కా చూపిస్తూ. "ఇది వాళ్ళక్కకి. ఇది వాళ్ళ నాన్నకి. ఇది మా అత్తయ్యకి."

 మేడం నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

"మరి మీకు?"

"దారానికి అంటుకున్నది నాకండి."

అలా చెప్పేసి దారం వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఇక ఏమంటే అననీ, పేరు ఎలాగూ లేదు. కాసేపటికి బెంచీ మీదనుంచి ఇస్త్రీ ఆవిడ, "మా ఇంట్లో ఆరు ముక్కలండీ" అంది. ఆ వెనకనుంచి ఇంకెవరో, "మాకు ఐదు" అన్నారు. తిట్టినట్టు కాదు, అడిగితే చెప్పినట్టు చెప్పారు.

మేడం గోడమీది మెనూ వైపు చూసింది, రిజిస్టరు వైపు చూసింది. రిజిస్టరు తెరవబోయి మూసేసింది. "జాబితా పైకి వెళ్ళిపోయిందమ్మా" అంది. గొంతు ఆమెది కాదన్నట్టు ఉంది. "మూడు నెలల దాకా నా చేతుల్లో ఏం లేదు." ఆ తరవాత ఇంకేం చెయ్యాలో తోచక, ప్లేటు తీసి చిన్నదాని ముందు పెట్టింది. "తినమ్మా. నువ్వు తిను. అన్నీ నీకే."

చిన్నది తల్లి వంక చూసింది. తల్లి తల ఊపాక, తన వైపున్న ముక్క ఒకటి తీసుకుంది. ముందు తెల్లది కొరికి, సొన చివరికి దాచుకుని, అది కూడా అయిపోయాక వేళ్ళు నాకి, చేతులు గౌనుకు తుడుచుకుని నిలబడింది. ప్లేటులో మూడు ముక్కలు అలాగే ఉన్నాయి.

"ఇంకా ఉంది కదా తల్లీ, తిను" అంది మేడం.

చిన్నది కదల్లేదు.

"తినవే" అంది కొలతమ్మ. "ఈరోజు అన్నీ నీకేనంట."

చిన్నది ఇదేదో తనను పరీక్షించడానికి అడుగుతున్నారన్నట్టు ఒకరి తరవాత ఒకరి మొహం చూసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాదైపోయిందమ్మా" అంది.